వెనక బెంచీ గీతలు

ఆ రోజుల్లో నాకు నా మీద తప్ప లోకం మొత్తం మీద అనుమానంగా ఉండేది. అనుమానించడమే పరిశోధన అనుకునే వయసు. దోహాలో నా మొదటి ఉద్యోగం (మా అమ్మమ్మ లెక్కలో అదీ దుబాయే) సైన్సు క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని, టీచర్లు ఆడపిల్లలను ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారు, మగపిల్లలను ఎన్ని అడుగుతున్నారు అని గీతలు గీయడం. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గీత. మొదటి రిపోర్టు నిలబడితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే.

నాకు దొరికింది దోహా దాటాక అల్ ఖోర్ అనే ఊళ్ళో ఒక బడి, అందులో హైదరాబాదు ఫిజిక్స్ సారు. నేను మేనేజ్‌మెంట్ పంపిన గూఢచారినని ఆయనకు మొదటి నిమిషంలోనే గట్టి నమ్మకం కుదిరింది. టీ తెప్పించి, నన్ను పంపిందెవరని మూడు రకాలుగా అడిగారు. క్లాసులో మాత్రం ఒక్క మగపిల్లాడిని పలకరిస్తే ఒట్టు. ఆడపిల్లలకే అన్ని ప్రశ్నలూ. చేతులెత్తీ ఎత్తీ మగపిల్లలు బెంచీల మీద వాలిపోయారు. నాలుగు రోజులు ఇదే నాటకం. ఈ కాగితం పట్టుకెళ్తే ఆఫీసులో నవ్విపోతారు, నా ఉద్యోగం ఈయన చేతిలో గంగలో కలుస్తోందని ఒళ్ళు మండిపోయింది. నేను లేనప్పుడు ఎలా చెబుతారోనని తలుపు చాటున నిలబడి కూడా విన్నాను (సిగ్గు లేకుండానే చెబుతున్నా). కింద సందులోంచి నా చెప్పులు కనబడ్డాయట.

ఐదో రోజు ఉండబట్టలేక, రోజూ చెప్పినట్టే చెప్పొచ్చు కదా అని అడిగేశాను. ఆయన శాంతంగా, "యల్లా, కానియ్యుండ్రి మేడం, ఇయ్యాల మీరే చెప్పుండ్రి, నేను ఎనక కూసుంటా" అని నా కాగితం, పెన్ను తీసుకున్నారు. నాకేం భయం? ఈ సమానత్వం మీదే పెద్ద చదువు చదివినదాన్ని. కరెంటు పాఠం దంచేశాను. గంట కొట్టాక ఆయన కాగితం చేతికిచ్చారు. మగపిల్లల గడిలో పద్నాలుగు గీతలు. ఆడపిల్లల గడిలో రెండు. ఒకటి బోర్డు ఎవరు తుడుస్తారన్నందుకు, రెండోది మార్కర్ తెస్తావా అన్నందుకు.

"నేనైతే మీకు భయపడి ఆడపిల్లల్ని అడిగిన మేడం," అన్నారు మెల్లగా. "మీకు ఎవ్వరి భయం లేకుండె."

ఆ కాగితాన్నే నా పేరు రాసి రిపోర్టులో మొదటి పేజీగా పెట్టాను. అది చూశాక సారుకు నా మీద అనుమానం పోయి, మామూలుగా పాఠం చెప్పారు. ఉద్యోగమూ నిలిచింది. అప్పటి నా ధీమా తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇప్పుడు నేనూ టీచర్నే. ఇన్నేళ్ళయినా పాఠం మొదలుపెట్టేముందు వెనక బెంచీ వైపు చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. అయినా ఏమో, ఒక ఆడపిల్లను ప్రశ్న అడిగేదాకా నన్ను నేను నమ్మను.