తాతగారి ఎడమ చెయ్యి

కరోనా ఆంక్షలు ఇంకా పూర్తిగా ఎత్తేయని ఏడాది అది. కువైట్‌లోని జహ్రాలో ఒక ఆసుపత్రి మగవాళ్ల వార్డులో స్టాఫ్ నర్సుని. తొంభై దాటిన గోవా పెద్దాయన ఒకరు స్ట్రోక్‌తో వచ్చారు. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మింగలేరు కనుక రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి పొట్టలోకి వెళ్లే గొట్టం, వేశాం.

మొదటిరోజే అది రెండుసార్లు ఊడింది. ఎడమ చెయ్యి ఊరుకోదు, గాల్లోకి లేచి గొట్టానికి తగులుకుంటుంది. ఇలాంటివాళ్లకు మిట్టెన్ వేస్తాం. దూది కుట్టిన తొడుగు అది, తాళ్లు మంచం కడ్డీకి కడతాం. డాక్టరు సరేనన్నారు, నేను కట్టాను. రోగి ఎవరైనా నాది మా గోదావరి తెలుగే. “ఖలాస్ అండి తాతగారూ, ఇంక పీకలేరు,” అని నవ్వాను కూడా. ఛార్టులో ‘అస్థిమితం, చెప్పింది వినడం లేదు’ అని రాశాను.

ఐదోరోజు కూతురికి అనుమతి దొరికింది. అరవై ఏళ్లావిడ. తండ్రి ముఖం కూడా చూడలేదు, ఆ తొడుగును చూసి నిలబడిపోయింది.

“ఆ చెయ్యెందుకు కట్టారు సిస్టర్? బ్యాండు మొత్తం ఆ చెయ్యి చూసే వాయించేది,” అంది హిందీలో.

ఇరవై ఏళ్లకే బొంబాయి హోటల్లో ఆయనకు సొంత డాన్స్ బ్యాండ్ ఉండేదట. జంటలు ఆడే స్వింగ్ పాటలు తనే కట్టేవారట. ఆ డాన్సుల కాలం పోయాక ఒక హోటల్లో పియానో వాయించడానికి కువైట్ వచ్చి ఉండిపోయారు. పోయిన భార్య మీద ఒక ట్యూన్ కడుతున్నారని, ఇంకా పూర్తి కాలేదని చెప్పింది.

తాళ్లు విప్పాను. చెయ్యి లేచి తాళానికి నాలుగు దెబ్బలు లెక్క వేసింది. కూతురు కూనిరాగం అందుకుంది. కాసేపటికి చెయ్యి ఠక్కున ఆగి అడ్డంగా ఊగింది. ఆమె తప్పు పాడిందట, మళ్లీ మొదటినుంచి. ఓరి దేవుడా, మనిషి మొత్తం లోపలే ఉన్నాడు! చెప్తుంటే విననిది ఆయన కాదు, నేను.

గొట్టాన్ని కుడి చెవి వెనక్కి తిప్పి ప్లాస్టర్ వేశాను. చెయ్యి తగల్లేదు. ఆ కాస్త పని మొదటిరోజే చేసుంటే సరిపోయేది.

ఆమె చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. చెయ్యి లేస్తే స్వరం పెంచి, దిగితే తగ్గించి, ఆయన ఒప్పుకున్నది కాగితం మీద రాసుకునేది. రెండురోజులు అలా సాగింది. మూడోరోజు పొద్దున్నే ఇంకో స్ట్రోక్ వచ్చింది, ఆయన పోయారు.

ఇప్పుడు ఎవరి చెయ్యి కట్టాల్సి వచ్చినా, ఆ చెయ్యి ఏం పని చేసేదని ముందు ఇంటివాళ్లకు ఫోన్ చేసి అడుగుతాను. వఫ్రా తోటల నుంచి వచ్చిన కూలీ అయినా సరే.

వెళ్లేముందు ఆమె నాకు కాగితం చూపించింది. కింద ఒక వరుస ఖాళీగా ఉంది. ఆయనకు దొరికింది రెండు రోజులు. నేను కట్టి ఉంచింది నాలుగు.