తెలుగు కార్ట్రిడ్జి

నంద్యాల పాలిటెక్నిక్‌లో నాతోపాటు పనిచేసిన ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌ది ఆళ్లగడ్డ. ఎనభైల చివర్లో ఆయన దగ్గర చేతిలో మోసుకెళ్లే చిన్న కంప్యూటర్ ఉండేది. తెర మీద అక్షరాలు రావడానికి దాంట్లో దోపే కార్ట్రిడ్జి డబ్బీలన్నీ ఇంగ్లీషువే. తెలుగుది తానే చేస్తానని గళ్ల కాగితం మీద అక్షరాలు గీసి, ఎదురొచ్చినవాళ్లందరినీ ఆపి, "ఇదేందో చదువప్పా" అనేవాడు.

చేసిన రెండు కార్ట్రిడ్జిల్లోనూ ఒత్తులు పడలేదు.

"ఇంక ఇడిసిపెట్టప్పా, దానికి తెలుగు యాడ వస్తాది?" అన్నాను.

మూడోది స్టాఫ్ రూములో మా అందరి ముందూ దోపాడు. మీటలు నొక్కాడు. గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పట్టుకునే తెర మీదికి వంగింది.

"ఆళ్లగడ్డ!" అని గట్టిగా చదివింది. "ఒత్తులు గూడా పడిండాయి సార్!"

క్లాసులో ఈల వేసినవాణ్ని బయటికి పంపే ఆ మనిషి, నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని కాలేజీ అంతా వినబడేలా ఈల వేశాడు.