విరిగిన కొబ్బరిపాలు

ఆస్పత్రి క్యాంటీన్‌లో వండే ఆమె చేతి చేపల కూరకు పెద్ద పేరుంది. నోటికి ఏదీ సయించడం లేదని మూలిగే రోగులు కూడా గిన్నె అడుగు తుడుచుకుని తినేవారు. అంతటి మనిషి, బస్సు డ్రైవరును పెళ్లి చేసుకుని అతని ఇంటికి వచ్చాక, పదకొండేళ్ల పిల్ల ముందు ఓడిపోయింది. అతని మొదటి భార్య కూతురు ఆ పిల్ల. పేచీ లేదు, ఎదురు సమాధానం లేదు. పిన్నీ అని మర్యాదగానే పిలిచేది. కానీ ఏది వండినా రెండు ముద్దలు కతికి లేచిపోయేది. తల్లి పోయిన దగ్గర్నుంచీ చిక్కి సగమైంది. ఆ పిల్ల తన చేతి అన్నం కడుపునిండా తినాలన్నదే ఆమె బెంగ. ఒక్కసారి అమ్మా అంటే బాగుండునన్న ఆశ కూడా ఉంది గానీ, దాన్ని పైకి అనలేదు.

పోయినావిడ ఆ వంటగదిని ఇంకా వదల్లేదు. పొయ్యి పక్క గోడకు చెయ్యి ఆనించుకుని వండేది కాబోలు, అక్కడ అరచేతంత జిడ్డు మరక ఉంది. రంగు వేయించినా మళ్లీ తేలింది. ఈమె గరిట తిప్పుతూ ఏమరుపాటున చెయ్యి ఆనిస్తే సరిగ్గా దాని మీదే పడేది. ఉలిక్కిపడి తీసేసేది. వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు వెన్ను జలదరించేది. భయమే, దాచుకోవడం దేనికి. పోయినవాళ్లతో పోటీ పడితే గెలవడం మహా కష్టం. వాళ్లు కొత్తగా ఏ కూరా మాడ్చరు కదా.

ఒక ఆదివారం తన విద్యంతా చూపించింది. చింతపండు పులుసులో పలుచటి కొబ్బరిపాలు పోసి చేప ముక్కలు ఉడికించింది. మంట ఆర్పాకే చిక్కటి పాలు పోసి, గరిట పెట్టకుండా గిన్నెను గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పింది. కూర మీగడలా నిగనిగలాడింది. పిల్ల మామూలుగానే రెండు ముద్దలు తిని లేచింది.

"బాలేదా తల్లీ?"

"బాగుంది పిన్నీ. హోటల్లో తిన్నట్టుంది."

పొగడ్తే అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పిల్ల లోపలికి వెళ్లాక మొగుణ్ణి నిలదీసింది.

"ఈ కూర ఆవిడ ఎలా వండేదో చెప్పండి."

"నాకేం తెలుసు? తినడం వరకే నా పని." డ్రైవరు కూరగిన్నెలోకి తొంగి చూశాడు. "పైన తెల్లగా పలుకులు పలుకులుగా తేలేది. అడుగున పల్చటి పులుసు ఉండేది. అది మీ క్యాంటీన్ వాళ్లకు రాదులే."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రాకపోవడమేమిటి, క్యాంటీన్‌లో అలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆవిడ చిక్కటి పాలను సలసల కాగే పులుసులో గుమ్మరించేది. అవి విరిగిపోయేవి. పాపం, ఆవిడకు ఆ కూర చేతకాదు. ఆ చేతకానితనమే ఈ ఇంటికి రుచి అయి కూర్చుంది.

మరుసటి ఆదివారం చేపల పులుసు కింద మంట పెద్దది చేసి నిలబడింది. పాలగిన్నె పట్టుకున్న చెయ్యి మొరాయించింది. ఎడమ చెయ్యి దానంతటదే వెళ్లి గోడ మీది మరకకు ఆనింది. ఈసారి తియ్యలేదు. కళ్లు చిట్లించి గుమ్మరించేసింది. పాలు చూస్తుండగానే పలుకులై విడిపోయాయి, వాసన మారింది. ఎవరూ పిలవకుండానే పిల్ల వచ్చి కంచం ముందు కూర్చుంది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఇక తెరవలేదు. అలాగే తడుముకుంటూ ముళ్లు తీసుకుంది, అలాగే కలుపుకుంది, కంచమంతా ఊడ్చేసింది. డ్రైవరు తినడం ఆపి కూతురినే చూస్తున్నాడు. పిల్ల కళ్లు మూసుకునే కంచం ముందుకు జరిపింది.

"అమ్మా, ఇంకొంచెం."

కోరుకున్న మాటే. తనకు కాదని ఆమెకు తెలుసు. గొంతుదాకా వచ్చిన "ఇదిగో తల్లీ"ని మింగేసింది. పలికితే పిల్ల కళ్లు తెరుస్తుంది. చప్పుడు కాకుండా గాజులు పైకి తోసుకుని, కూర వడ్డించింది.