నేను గల్ఫ్ అన్న రోజు

ఏడేళ్లుగా ఒక మాట నా మెడకు వేలాడుతోంది. ఎవరో నన్ను అన్న మాట కాదు, నేనే అన్నది. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అందుకే ఇంత బరువు. అబద్ధమే ఆడి ఉంటే ఎప్పుడో ఒకరోజు పట్టుబడేవాణ్ణి, నాలుగు చీవాట్లు తిని తల దించుకునేవాణ్ణి. నిజం చెప్పి ఒక మనిషి పరువు తీసినవాణ్ణి ఎవరు పట్టుకుంటారు?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. మా ఊరు అల్లూరు దగ్గర, అంతవరకు చాలు. పేర్లన్నీ మార్చేశాను. జాగ్రత్త అనుకుంటారో పిరికితనం అనుకుంటారో మీ ఇష్టం, నేను కాదనను.

రొయ్యల గుంటల గట్ల మీద ముప్పయ్యేళ్లు కాటా వేశాను. కొనేవాళ్ల తరఫు మనిషిని. నీళ్లు పూర్తిగా కారకముందే ట్రేని కాటా మీదకు నెట్టేవాళ్లుంటారు. పెద్ద రొయ్యల అడుగున చిన్నవి దాచేవాళ్లుంటారు. పైన రెండు గుప్పిళ్లు చూసి మోసపోయిన రోజులు మొదట్లో కొన్ని ఉన్నాయి, తర్వాత లేవు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వీడికి నాతో ఏం పని పడిందా అని చూడటం అలవాటైపోయింది. అనుమానం పెనుభూతం అంటారు. నాకు మాత్రం అది కూడు పెట్టింది.

దేవదానం మా చర్చి మనిషే. నాకన్నా నాలుగేళ్లు చిన్న. గల్ఫ్‌లో పన్నెండేళ్లు ఉండి తిరిగొచ్చాడు. అక్కడ గోల్ఫ్ ఆడే మైదానంలో గడ్డి కత్తిరించే పని. మా ఊళ్లో గోల్ఫ్ అనే ఆట ఒకటుందని ఎవరికీ తెలియదు. గడ్డి పని అనేసరికి అరబ్బుల ఒంటెలకు మేత కోసేవాడనుకున్నారు. అతనూ సరిదిద్దలేదు. పైగా అతని నోట రెండు మాటలూ ఒకటే. "గల్ఫ్‌లో గల్ఫ్ గ్రౌండులో చేసినా" అనేవాడు. నేను టీవీలో విని 'గోల్ఫ్' అని సాగదీసి, కాస్త గొప్పగా పలికేవాణ్ణి. నా నోట ఆ రెండు మాటలూ ఎప్పుడూ కలవలేదు. ఒక్కరోజు తప్ప.

ఆ టీవీ మా అల్లుడు పెట్టించింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దేవదానం ఏదో పని మీద మా ఇంటికి వచ్చాడు. ఛానళ్లు తిప్పుతుంటే పచ్చటి మైదానం కనపడింది. "ఆపన్నా, ఆపు" అని కింద కూర్చుండిపోయాడు. ఆటగాళ్లను కాదు, గడ్డిని చూస్తున్నాడు. ఎంత ఎత్తున కత్తిరించారో, ఎటు నుంచి ఎటు కత్తిరించారో చెప్పాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ప్రతి ఆదివారం మధ్యాహ్నం వచ్చేవాడు. అమెరికాలో జరిగే పోటీలు సోమవారం పొద్దున రిపీట్‌లో వస్తాయి, అప్పుడూ వచ్చేవాడు.

గోల్ఫ్‌లో ఏటా నాలుగు పెద్ద పోటీలు. ఒక్కోటి నాలుగు రోజులు. రెండు రోజులయ్యాక వెనకబడిన సగం మందిని ఇంటికి పంపించేస్తారు, మిగిలినవాళ్లు కట్ దాటినట్టు. ఈ నాలుగింటిలో ఏది చూడటానికి బాగుంటుందని మేము పోట్లాడుకోని వారం లేదు. మొదట్లో నా ఓటు మాస్టర్స్‌కి. మిగతా మూడూ ఏడాదికో చోట తిరుగుతాయి, ఇది మాత్రం ఎప్పుడూ ఒకే మైదానం. రెండేళ్లు చూస్తే చాలు, ఎక్కడ ఎవరి కొంప మునుగుతుందో మనకూ తెలిసిపోతుంది. అందులో బంతిని వేయాల్సిన పద్దెనిమిది గుంతల్లో పదకొండు, పన్నెండు, పదమూడు ఉండే చోటుకి ఆమెన్ కార్నర్ అని పేరు. దేవదానం దాన్ని ఆమెన్ మూల అనేవాడు. గెలుస్తాడనుకున్నవాడి బంతి అక్కడ నీళ్లలో పడితే పైకే "ఆమెన్" అనేవాడు. దేవుడి మాటతో ఆటలేంటని మా ఆవిడ వంటింట్లోంచి కసురుకునేది. అలా అంటూనే నవ్వేది.

తర్వాత నా మనసు యూఎస్ ఓపెన్ మీదకు పోయింది. జూన్‌లో వస్తుంది. పక్కలకు గడ్డి మోకాలి దాకా పెంచి ఉంచుతారు, దారి ఇరుకుగా ఉంచుతారు. చిన్న తప్పుకూ శిక్ష పడుతుంది. ఎంత గొప్ప ఆటగాడైనా ఆ గడ్డిలో బంతి కోసం వెతుక్కుంటుంటే నాకు తృప్తిగా ఉండేది. నా తత్వానికి తగిన పోటీ అది. దేవదానానిది బ్రిటిష్ ఓపెన్. సముద్రం ఒడ్డున ఇసుక నేల మీద ఆడతారు. పొద్దున ఆడినవాడికి గాలి ఉండదు, మధ్యాహ్నం ఆడినవాడికి టోపీ ఎగిరిపోతుంది. ఇందులో న్యాయమేముంది అని నేను. "న్యాయం కోసం చూడాలంటే కోర్టుకి పోన్నా. గాలెట్టా వస్తే అట్టా ఆడాల. అదే గదా చూడముచ్చట" అని అతను. నిజానికి చూడటానికి అదే బాగుంటుంది. ఆ సంగతి అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఏడేళ్ల కిందటి యూఎస్ ఓపెన్ చివరి రోజు ఆట, సోమవారం పొద్దున చూస్తున్నాం. ముందంజలో ఉన్న ఆటగాడొకడు పొడుగాటి గడ్డిలోంచి కొట్టబోయి ఆగాడు. రిఫరీని పిలిచాడు. తన కర్ర తగిలి బంతి కొంచెం కదిలిందన్నాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలిచే ఆటలో, తనంతట తానే చెప్పి ఒక దెబ్బ అదనంగా శిక్ష వేయించుకున్నాడు. దేవదానం చప్పట్లు కొట్టాడు. నేను, "కెమెరా ఉందని చెప్పాడులే" అన్నాను. అప్పుడే మా ఆవిడ టీ తెచ్చింది. దేవదానం ఆమెతో, "వదినా, అన్నయితే ముందు కెమెరా యాడుందో చూసుకుంటాడు" అన్నాడు.

మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఉత్త వేళాకోళం అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, వీళ్లిద్దరూ నా గురించి ఇంతకుముందే మాట్లాడుకున్నారా అనిపించింది. నా వెనకాల ఇంకెక్కడెక్కడ అంటున్నాడో అనిపించింది. నాలుగేళ్లుగా మా ఇంటి టీ తాగుతూ నన్ను తూకం వేస్తున్నాడా? రెండు రోజులు అదే నమిలాను.

అదే సమయంలో ఊళ్లో ఇంకో గొడవ నడుస్తోంది. మా చర్చికి వచ్చే రాహేలమ్మ కూతురు కువైట్‌లో ఇంటిపనికి పోయి మూడు నెలలుగా ఫోను చేయలేదు. ఆ పిల్లను పంపిన ఏజెంటు ఎవరో తెలియదు. పిల్ల చెప్పలేదు, రాహేలమ్మకు చదువు లేదు. ఊళ్లోనే ఎవరో ఏజెంటుతో చేయి కలిపారని గుసగుసలు. గల్ఫ్ చూసొచ్చినవాళ్లు మా ఊళ్లో ఇద్దరే, అందులో ఒకరు మంచం పట్టి ఉన్నారు.

బుధవారం పాస్టరు గారు గుంట గట్టు మీదకే వచ్చారు. నేను కాటా దగ్గర ఉన్నాను. నన్ను పక్కకు పిలిచారు.

"ఏమీ అనుకోబాకన్నా. దేవదానం ఆదివారం ఆదివారం మీ ఇంటికొస్తా ఉంటాడు గదా?"

"వస్తాడు."

"ఏం మాట్లాడుకుంటారు?"

"ఏముంది పాస్టరు గారూ. గల్ఫ్ సంగతే."

"ఎప్పుడూ అదేనా?"

"అదే. ఈసారి ఎవరికి ఛాన్సుంది, ఎవరు దాటతారు, ఎవరు మధ్యలోనే ఇంటికి తిరిగొస్తారు, అంతా చెప్తాడు."

"పేర్లతోనా?"

"పేర్లన్నీ నోటికొచ్చు ఆయనకి."

పాస్టరు గారి ముఖం మారిపోయింది. "ఈ మాట మన మధ్యనే ఉండనీన్నా" అని వెళ్లిపోయారు. నేను తిరిగి కాటా దగ్గరకు వచ్చాను.

ఒక్కో మాటా విడదీసి చూడండి. ఏది అబద్ధం? మేము మాట్లాడుకునేది అదే. ఎవరికి ఛాన్సుందో చెప్పేవాడు. ఎవరు కట్ దాటతారో చెప్పేవాడు. ఆటగాళ్ల పేర్లు నోటికొచ్చు. చాలాకాలం నేను దీని మీదే బతికాను. నాలుక జారిందని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నాలుగేళ్లుగా గోల్ఫ్ అని సాగదీసిన నోరు ఆ ఒక్క బుధవారం గల్ఫ్ అని ఎందుకు పలికింది? పలికిందే అనుకుందాం, పాస్టరు గారి ముఖం మారడం చూశాక 'అది ఆటండీ, కర్రతో ఆడే ఆట' అని ఒక్క ముక్క అనడానికి నాకేం అడ్డమొచ్చింది? అడ్డేమీ లేదు. ఆయన ముఖం మారుతుంటే నాకు లోపల హాయిగా ఉంది. ఇది రాయడానికే ఇంతదూరం వచ్చాను.

ఆదివారం దేవదానాన్ని వాక్యం చదవడానికి ముందుకు పిలవలేదు. ఎప్పుడూ చదివేది అతనే. లేచి రెండడుగులు వేశాక పాస్టరు గారు చెయ్యి అడ్డంగా ఊపారు. మా మధ్యనే ఉండాల్సిన మాట అప్పటికే బయటికి పొక్కింది. చర్చి గుమ్మం దగ్గర రాహేలమ్మ అతని చొక్కా పట్టుకుని, "నా బిడ్డ యాడుందో చెప్పు నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా" అని ఏడ్చింది. "నాకు తెలీదమ్మా, యేసయ్య తోడు" అని అతను అంటూనే ఉన్నాడు. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. నా చెప్పులు నా కాళ్ల ముందే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అతను మా ఇంటికి రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. మరుసటి నెల బ్రిటిష్ ఓపెన్ వస్తే నేనొక్కణ్ణే చూశాను. ఆ పోటీ ముగిసిన వారానికి దేవదానం, అతని భార్య సామాను ఆటోలో వేసుకుని ఆమె పుట్టిల్లు ఉన్న కోట అనే ఊరికి వెళ్లిపోయారు. ఇంకో రెండు నెలలకు రాహేలమ్మ కూతురు ఫోను చేసింది. పనిచేసే ఇల్లు మారిందట, ఫోను లాగేసుకున్నారట. ఏజెంటును కుదిర్చింది సొంత మేనమామేనట. పిల్ల క్షేమంగా తిరిగొచ్చింది. దేవదానం దగ్గరకు వెళ్లి తప్పైందని మాత్రం ఎవరూ చెప్పలేదు. "నిప్పు లేందే పొగొస్తాదా" అన్నారు. ఆ నిప్పు ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. కానీ నెలలు గడిచాక చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అప్పటి నుంచి అందరి మీదా అనుమానమే. పాస్టరు గారు ప్రసంగంలో నాలుక గురించి మాట్లాడితే నా వైపే చూస్తున్నారనిపిస్తుంది. ఎక్కడైనా ఆ ఆట చూసి ఆయనకు విషయం తెలిసిపోయి, నా నోటితోనే వినాలని ఊరుకున్నారా? మా ఆవిడ ఒకసారి, "ఆ ఆట ఇప్పుడు రావడం లేదా?" అని అడిగింది. ఊరికే అడిగిందా? దేవదానాన్ని అనుమానించినప్పుడు ఇంత నరకం లేదు. నన్ను ఎవరెవరు అనుమానిస్తున్నారో అనుమానించడం మొదలయ్యాక తిన్నది ఒంటబట్టలేదు.

మొన్న జులైలో ప్రార్థన కూటానికి కోట వెళ్లాను. బజారులో దేవదానమే నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు. జుట్టంతా నెరిసింది. ఇంటికి తీసుకెళ్లాడు. ఏదో రొయ్యల గుంటకు కాపలా ఉంటున్నాడట. భార్య టీ పెట్టింది. గోల్ఫ్ మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. టీ సగమయ్యాక అన్నాడు.

"నేను రావడం మానేసినానని కోపమొచ్చినాదేమోన్నా నీకు. నా వల్ల మీ ఇంటికి మాట రాకూడదని మానేసినా. ఊరంతా నోటికొచ్చినట్టు మాట్లాడినారు. నువ్వు మాత్రం ఒక్క మాట అనుండవు. పాస్టరు గారు నిన్ను అడిగుంటారు గదా. అడిగినా నువ్వేం చెప్పుంటావో నాకు తెలుసులేన్నా."

ఏం తెలుసు? మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడా? అన్నీ తెలిసే, చెప్పుకోవడానికి నాకొక దారి తీసి పెట్టాడా? అతని ముఖంలో వెతికాను. ముప్పయ్యేళ్లు మనుషుల ముఖాలు చదివిన నాకు అక్కడ ఏమీ కనపడలేదు. నమ్మి అంటే నేను దుర్మార్గుణ్ణి. తెలిసి అంటే అంతకన్నా దుర్మార్గుణ్ణి. ఎటు చూసినా నేను నోరు తెరవాల్సిందే. టీ తాగేసి, బస్సుకు టైమైందన్నాను. అతను బస్టాండు దాకా వచ్చి నన్ను కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి వెళ్లాడు.

ఇది క్షమించమని అడగడానికి రాయడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. దేవదానం దీన్ని చదువుతాడో లేదో కూడా తెలియదు. పొద్దున్నుంచి ఈ కాగితం ముందు కూర్చున్నది ఈ నాలుగు మాటల కోసమే. పాస్టరు గారు ఏం వింటారో నాకు ముందే తెలుసు. తెలిసే అన్నాను. దేవదానం ఊరు విడిచిపోయింది రాహేలమ్మ వల్ల కాదు, పాస్టరు గారి వల్ల కాదు. నా వల్ల.

రాసేశాను. ఊపిరి ఆడుతోంది.