సుబ్బరత్నం గారి నాలుగులు

మా ఆసుపత్రి కాగితాల్లో అందరికంటే తృప్తిగా ఉన్న మనిషి మంగళగిరి సుబ్బరత్నం గారు. ఆ కాగితాలు నింపించేది నేనే. క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేయించుకుని, మళ్లీ కట్టించుకున్న ఆడవాళ్లను మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాదికి కూర్చోబెట్టి, ఎంత తృప్తిగా ఉన్నారో ఒకటి నుంచి నాలుగు దాకా అంకె చెప్పించుకోవడం నా ఉద్యోగం; నాలుగంటే పూర్తి తృప్తి. తృప్తికి అంకెలేమిటో నాకు చేరిన రోజూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఆవిడకు యాభై ఏళ్లు. పదిహేనో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టారు. ఆవిడ వీపులోంచి కండ తీసి కుడి రొమ్ము కట్టింది కొత్తగా చేరిన డాక్టర్ జయంత్. ఆయన సొంతంగా చేసిన మొదటి ఆపరేషన్ అది, ఆ సంగతి ఆవిడకూ తెలుసు. మూడో నెలలోనూ ఆరో నెలలోనూ అన్నిటికీ నాలుగే వేయించారు. ఆకారానికి నాలుగు, జాకెట్టు కుదరడానికి నాలుగు, చేతి కదలికకు నాలుగు. జయంత్ గారు చూసి మురిసిపోయారు. నాలుగు వచ్చినవాళ్లను వ్యాయామం చేయించే గదికి పంపనక్కర్లేదు కాబట్టి ఎవరూ పంపలేదు.

ఏడాది కాగితానికి వచ్చిన రోజు ఆవిడ నాకు చీర చూపిద్దామని తెచ్చారు.

"మీరు నేసిందేనా అండీ?"

"కాదమ్మా, మా తోటికోడలు నేసింది. నేను మగ్గం దిగి ఏడాదైపోలా."

మడత విప్పి అంచు చూపించబోయారు. కుడిచెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని పైకెత్తారు.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీదో నా మీదో తెలియదు. రెండుసార్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు చదివాను గానీ, చెయ్యి ఎత్తి చూపించమని ఒక్కసారీ అడగలేదు.

"చేతికి నాలుగెందుకు వేయించారండీ? మగ్గం తాడు లాగే చెయ్యి కదా?"

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "బట్ట పట్టుకెళ్తే షావుకారు విప్పి చూస్తాడమ్మా. తప్పు కనబడిందా, ఆ నేసినోడికి మళ్లీ నెయ్యడానికి పడుగు నూలు ఇవ్వడు. డాక్టరుబాబు చిన్నోడు. నేను తప్పు పడితే ఇంకో మనిషిని ఆయన చేతికిస్తారా?"

"ఇది ఆయన పనికి మార్కులు కాదండీ. మీకెలా ఉందో తెలుసుకోడానికి."

"నాకెట్టా ఉందంటే, చేసింది ఆయనే గదా?"

"పోనీ, రొమ్ముకి వేయించిన నాలుగు నిజమేనా?" అన్నాను.

ఆవిడ కొంగు సర్దుకున్నారు. "జాకెట్టు వేసుకుంటే పాత మనిషినే. నీళ్లు పోసుకునేటప్పుడు మాత్రం ఎవరిదో తెచ్చి దాచుకున్నట్టుంటది. దానికెంత వెయ్యాలో నువ్వే చెప్పమ్మా."

ఖాళీలు ఉండకూడదని రూలు. అయినా ఆ గడి ఖాళీగా వదిలేశాను.

చేతికి మళ్లీ బలం రప్పించే వ్యాయామాలున్నాయని, ఇప్పుడు మొదలుపెట్టినా తాడు లాగగలరేమోనని చెప్పాను. కాకపోతే కాగితంలో నిజం ఉండాలి. ఆవిడ ఎడమచేత్తో పెన్ను తీసుకుని, చేతి కదలిక వరసలో ఒకటి దగ్గర ఆగిపోయారు.

"ఆ అబ్బాయికి మళ్లీ పడుగు ఇస్తారుగా?"

"ఇస్తారండీ," అన్నాను. ఇస్తారో లేదో నాకేం తెలుసు? ఆవిడ నా మాట నమ్మి, ఒకటి చుట్టూ వంకరగా సున్నా చుట్టారు.