ఐసుకు ఉక్కపోసిన రోజు

గోనె కప్పితే ఐసుకు ఉక్కపోస్తుందనుకున్న మహానుభావుణ్ణి నేనే. మామగారింట్లో విందుకని భావనపాడు రేవులో చేపలు, వాటి మీదికి గోనె చుట్టిన ఐసుదిమ్మ కొని ఆటో ఎక్కాను. మే నెల ఎండకు నాకే ఒళ్లు సోలిపోతుంటే, ఐసు మీద జాలిపడి గోనె తీసేశాను. ఇల్లు చేరేసరికి ఐసు నీరైంది, చేపలు కంపుకొట్టాయి, విందు పప్పుచారుతో ముగిసింది.

"ఏటల్లుడూ, గోనెకి ఏడి ఎక్కడిది? బయటి ఏడిని లోపలికి రానీదు, అంతే. ఇంత సదివి ఏటి లాభం?" అన్నారు మామగారు. వేసవంతా సెల్‌ఫోన్‌లో చుట్టాలందరికీ అదే కథ. వినీ వినీ అలసిపోయాను.

చివరికొక మధ్యాహ్నం, కరెంటు లేక చెమటలు కక్కుతూ కునుకు తీస్తున్న ఆయనకు మెడదాకా ఉన్నిరగ్గు కప్పాను. ఉలిక్కిపడి లేచారు.

"బయటి ఏడి లోపలికి రాదు మావా, పడుకోండి" అన్నాను.