ఆయప్పకు చెప్పు, ఆయమ్మకు చెప్పు

ఆ రోజుల్లో పరాయి ఊరికి ఉద్యోగానికి పోయినవాడు ఆ ఊరి భాషను పుస్తకాల్లోంచి నేర్చుకునేవాడు కాదు. ఎవరింట్లోనో ముందు గది అద్దెకు తీసుకునేవాడు, ఆ ఇంటివాళ్ళు ఎలా మాట్లాడితే అలా మాట్లాడేవాడు. ఇంటివాళ్ళు నెమ్మదస్తులైతే మర్యాద మాటలు ముందొచ్చేవి, కోపిష్టులైతే తిట్లు ముందొచ్చేవి. నాకు దొరికిన ఇల్లు ఈ రెండు రకాల్లో దేనిలోనూ చేరదు. నా దగ్గర ఇప్పటికీ రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటుంది. అట్ట ఊడిపోయింది, అంచులు పసుపుపచ్చగా అయిపోయాయి, అయినా ఎర్రసిరా దిద్దుబాట్లు మాత్రం నిన్న పెట్టినట్టే ఉన్నాయి. నేను నేర్చుకున్న తెలుగంతా అందులో ఉంది. ఒక రిటైరైన అయ్యవారూ, ఆయన భార్యా చేసిన తొమ్మిది నెలల సంసారం కూడా అందులోనే ఉంది. అది రాస్తున్నానని రాసేటప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే అంత ధీమాగా రాసేవాణ్ణి కాదు.

మాది అకోలా దగ్గర పల్లె, ఇంట్లో మరాఠీ. డెబ్బైల దశకం మధ్యలో, పత్తి కొనే ఒక సంస్థలో గ్రేడరుగా ఉద్యోగమొచ్చి, ఇరవై మూడేళ్ళ వయసులో ఒక ట్రంకుపెట్టెతో, ఒక పరుపుచుట్టతో ఆదోని స్టేషన్లో దిగాను. పత్తి గురించి నాకు తెలుసు. గుప్పెడు దూది తీసుకుని వేళ్ళతో లాగి, పింజ పొడుగెంతో చెప్పగలను. అయితే చెప్పింది రైతుకు అర్థం కావాలి కదా. మార్కెట్ యార్డులో నేను నాలుగు వేళ్ళు చూపిస్తే వాళ్ళు ఐదు వేళ్ళు చూపించేవాళ్ళు, అక్కడితో మా సంభాషణ అయిపోయేది. మా ఆఫీసరు వారం రోజులు చూసి, రెండు నెలల కిందటే రిటైరైన తెలుగు అయ్యవారి ఇంట్లో గది ఖాళీగా ఉందనీ, వసతీ చదువూ ఒకేచోట తేలిపోతాయనీ చెప్పి నన్ను అక్కడికి పంపించాడు.

అయ్యవారు సన్నగా నిటారుగా ఉండేవారు. రిటైరయ్యారన్న సంగతి ఇంకా ఆయన ఒంటికి తెలిసినట్టు లేదు. పొద్దున తొమ్మిదిన్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వసారాలో కుర్చీలో కూర్చునేవారు, సాయంత్రం నాలుగున్నరకు లేచి చొక్కా విప్పేవారు. మధ్యలో పీరియడు మారే వేళకల్లా గడియారం చూసుకునేవారు. ఆయన భార్యను నేను అమ్మ అనేవాణ్ణి. ఆమెది కన్నడ సరిహద్దు దగ్గరి కౌతాళం. బడికి పోలేదు గానీ, తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో కలిపి ఎక్కడా తడబడకుండా మాట్లాడేది. మొదటిరోజే అయ్యవారు నాకు నోటుబుక్కు ఇచ్చి నియమం చెప్పారు. "రోజుకు పది వాక్యాలు రాయల్ల. ఇంట్లో చూసింది, విన్నది రాయి. అనుకున్నది రాయొద్దు. నీ అనుకోవడమంతా మరాఠీలో ఉంటాది."

నియమం చెప్పడం పూర్తయీ కాకముందే పాఠం మొదలైంది. వంటింటి గుమ్మంలోంచి అమ్మ, "నీళ్ళు కాగినాయని ఆయప్పకు చెప్పప్పా" అంది. ఆయప్ప అంటే అయ్యవారే, మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నారు. నేను ఆయన వైపు తిరిగి, "నీళ్ళు కాగినాయి" అన్నాను. ఆయన నాతో, "వస్తాండానని ఆయమ్మకు చెప్పు" అన్నారు. నేను ఇటు తిరిగి, "వస్తాండాను" అన్నాను. ఇలా పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నడిచేది. అమ్మ ఒక వాక్యం ఇస్తుంది, నేను అయ్యవారికి అప్పజెబుతాను, ఆయన ఇంకో వాక్యం ఇస్తారు, నేను అమ్మకు అప్పజెబుతాను. జొన్నరొట్టెలు, ఉప్పు, దండెం మీద బట్టలు, రేపొచ్చే మున్సిపాలిటీ నీళ్ళు, అన్నీ పాఠాలే. నాకు భాష రావడం కోసం ఇద్దరు పెద్దవాళ్ళు ఇంత శ్రమ తీసుకుంటున్నారే అని నా కళ్ళు చెమర్చాయి. (ఈ పద్ధతి మీద మా నాన్నకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఆయన మా ఊరి హెడ్మాస్టరుకు చూపించాడట.) నోటుబుక్కు మొదటి పేజీ ఇలా ఉంటుంది: "ఐదు గంటలకు అమ్మ లేచినారు. అమ్మ ముగ్గు వేసినారు. అమ్మ పొయ్యి అంటించినారు. ఆరున్నరకు అయ్యవారు లేచినారు. నీళ్ళు కాగినాయని అమ్మ చెప్పమన్నారు. నేను చెప్పినాను." పక్కన ఎర్రసిరాతో, "అక్షరాలు ఇంకా గుండ్రంగా ఉండవలెను" అని ఉంటుంది.

నెలన్నర తర్వాత ఒక పొద్దున గేటు దగ్గర పాలామె నన్ను ఆపింది. "నువ్వొచ్చి పుణ్యం కట్టుకుంటివప్పా. రెండు నెలలు ఈళ్ళ మాటలు మోసి మోసి నాకు సాలయింది." ఏ మాటలు అని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది. "ఆయప్ప రిటైరైన దినం నుంచి ఆయమ్మ మాట్లాడదు గదా. ఆయప్పకూ రోసమే. పొద్దున నేనొస్తే ఆయమ్మ సెప్పేది, సాయంత్రం నేనొస్తే ఆయప్ప జవాబు సెప్పేటోడు. కూరలో ఉప్పు లేదన్న మాట గూడ పొద్దుగూకినాకనే తెలిసేది." ఎందుకు మాట్లాడదు అంటే, ఆ ఒక్కటి మాత్రం ఆమెకూ తెలియదంది. నేను గదిలోకి వచ్చి నోటుబుక్కు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాన్నకు రాసిన ఉత్తరం వెనక్కి తెప్పించుకునే మార్గం ఏదీ తోచలేదు.

ఆ వీధిలో చాలా ఇళ్ళలో పాతకాలం భార్యాభర్తలు ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకోరు. గోడకో పిల్లికో చెప్పినట్టు చెప్పుకుంటారు. అందుకే చుట్టుపక్కల వాళ్ళకు ఇది మామూలు మర్యాదలాగే కనిపించింది. నాకు మాత్రం, సంగతి తెలిశాక, నోరు తెరవాలంటే భయమేసేది. అంతకుముందు ఎవరి కోపాన్నయినా పాఠంలాగా గట్టిగా అప్పజెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలని చూస్తే, నా తెలుగులో తగ్గించడానికి కావలసినన్ని మాటలు లేవు. ఒకసారి నాకు చలిజ్వరం వచ్చింది. మంచానికి అటు అయ్యవారు, ఇటు అమ్మ కూర్చున్నారు. "డాక్టరును పిల్చుకోని రమ్మని ఆయప్పకు చెప్పప్పా" అంది అమ్మ, నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ. "పోతాండానని చెప్పు. చెప్పులు యాడ పెట్టిందో అడుగు" అన్నారు అయ్యవారు. పళ్ళు టకటకలాడుతుంటే అడిగాను. మంచం కిందనే ఉన్నాయని చెప్పమంది. చెప్పాను. ఆ రోజు నోటుబుక్కులో ఒక్కటే వాక్యం ఉంది: "చెప్పులు మంచం కింద ఉన్నాయి." దానికి ఎర్రసిరాతో టిక్కు కూడా ఉంది.

అంత జ్వరంలోనూ నాకు ఒకటి అర్థమైంది. వాళ్ళకు ఒకళ్ళమీద ఒకళ్ళకు ద్వేషం లేదు. ఆయన చొక్కాకు బొత్తం ఊడితే, చెప్పకముందే ఆమె కుట్టి ఉంచేది. ఆమెకు మోకాళ్ళ నొప్పి అని నేను చేరవేస్తే, ఆయన ఆ సాయంత్రమే నూనె తెచ్చి గూట్లో పెట్టేవారు. మాట ఒక్కటే నిలిచిపోయింది. రకం చూసి చెప్పడం నా ఉద్యోగం కాబట్టి చెబుతున్నాను, అది మేలురకం మౌనం. అలాంటిది ఎవరూ తెంపకపోతే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

జూన్ నెలలో నన్ను ఎమ్మిగనూరు కేంద్రానికి మార్చారు. బస్సులో గంట ప్రయాణం, అంతే. అయినా ఆ కాగితం చూసి నాకు మొదట తోచింది నా సామాను గురించి కాదు. నేను పోతే ఈ ఇంట్లో మాటలు ఎవరు మోస్తారు? పాలామెను అడిగితే, "నా బర్రె నాకు సాలు" అంది. మూడో రోజు అయ్యవారు, "ముందు గదికి ఇంకో మనిషిని చూడమని ఆయమ్మ అంటాందా, అడుగు" అన్నారు. అమ్మ, "ఇంగొకరికి నేను మొదటి నుంచి నేర్పల్లంటే నా చేత గాదని చెప్పు" అంది.

ఆఫీసులో వీడ్కోలు సభ పెడతామన్నారు, తెలుగులోనే మాట్లాడాలన్నారు. అయ్యవారు సంతోషంగా పెట్టె తీసి, తన రిటైర్మెంటు సభలో చదివిన ఉపన్యాసం చూపించారు. నాలుగు మడతల కాగితం, ముత్యాల్లాంటి అక్షరాలు. "ఇట్లాంటిది ఒకటి బట్టీ పట్టు. కృతజ్ఞతలు ఎట్ల చెప్పల్లనో తెలుస్తాది." నేను వసారాలో నిలబడి గట్టిగా చదివాను. ప్రధానోపాధ్యాయులకు, తోటి ఉపాధ్యాయులకు, గంట కొట్టిన అటెండరుకు, నల్లబల్ల చేసిచ్చిన వడ్రంగికి, కుండలో నీళ్ళు నింపిన అవ్వకు, చివరికి గేటు దగ్గర పుల్లఐసు అమ్మే మనిషికి కూడా ("ఎండలో క్యూలో నిలబడే ఓర్పును విద్యార్థులకు నేర్పినందుకు") కృతజ్ఞతలు ఉన్నాయి. చదవడం అయ్యాక వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అప్పా, దాంట్లో ఒక పేరు తక్కువుందని ఆయప్పకు చెప్పు. ఆ దినం కొత్త పట్టుచీర కట్టుకోని రెండో వరసలో కూచ్చోని నేను గూడ వింటి" అంది.

ఇంత చెప్పాక ఎవరికైనా తెలిసిపోవాలి. అయ్యవారికి తెలియలేదు. ఆయన ముప్పై మూడేళ్ళు బళ్ళో హాజరు పిలిచిన మనిషి. తప్పిపోయిన పేరు అనగానే బడి అంతా కళ్ళ ముందు నిలబెట్టుకుని ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టారు. "డ్రిల్లు మాస్టరేమో అడుగు." కాదట. "లైబ్రరీ గుమాస్తా?" కాదట. "సైకిలు స్టాండు కాడ ముసలాయన?" కాదు. రెండు రోజులు ఇలాగే తిరిగాను. నాకు తెలుసు, నేను చెప్పేయవచ్చు. కానీ అమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చివరికి, "ఆ పేరు యాడుందో ఈయప్ప పుస్తకంలో చూసుకోమని చెప్పు" అంది.

అయ్యవారు నోటుబుక్కు తీసుకున్నారు. అలవాటుగా ఎర్రకలం కూడా తీసుకున్నారు. తొమ్మిది నెలలు ఆయన ఆ పుస్తకాన్ని దిద్దారే గానీ చదవలేదు. తప్పున్నచోట ఆగేవారు, తప్పులేని వాక్యం మీదుగా కళ్ళు జారిపోయేవి. ఆ సాయంత్రం మొదటి పేజీ నుంచి చదివారు. ఐదు గంటలకు అమ్మ లేచినారు. ఐదు గంటలకు అమ్మ లేచినారు. అమ్మ చొక్కా ఇస్త్రీ చేసినారు. అమ్మ బొత్తం కుట్టినారు. తొమ్మిదిన్నరకు అయ్యవారు చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. యాభై పేజీలు దాటాక కలం మూత పెట్టేశారు. పుస్తకం మూశాక కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు, అద్దాలు శుభ్రంగానే ఉన్నా. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు నా ప్రయాణం. పొద్దున్నే అమ్మ బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి పెట్టింది. గేటు దగ్గర రిక్షా ఆగింది, ట్రంకుపెట్టె ఎక్కించాను. చెప్పి వెళ్దామని లోపలికి వస్తే అయ్యవారు ఇస్త్రీ చొక్కాతో వసారాలో నిలబడి ఉన్నారు, అమ్మ గుమ్మంలో ఉంది. అయ్యవారు గొంతు సవరించుకున్నారు. "ఆయమ్మకు చెప్పు. ఆ సభలో అందరికంటే ముందు చెప్పాల్సిన పేరు ఆయమ్మది. నేను మర్చిపోయినా. ముప్పై మూడేండ్లు నేను బడికి ఒక్కనాడు గూడ ఆలస్యంగా పోలేదంటే అది నా గొప్ప గాదు. ఇదంతా చెప్పు."

ప్రతి మాటా నాకు అర్థమైంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తెలుసు. తొమ్మిది నెలల్లో అంత బాగా ఏ వాక్యమూ నా నోటికి రాలేదు. నేను తల వంచుకుని, "ఇది నాకు రాదు అయ్యవారూ. చానా పెద్ద వాక్యం" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "రాదా? ఇంత కాలం నేర్పితిని గదప్పా."

"రాదు అయ్యవారూ. మీరే చెప్పండి."

తెలుగులో నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. అయ్యవారు అమ్మ వైపు తిరిగి, ఆమెను పేరు పెట్టి పిలిచారు. అన్ని నెలలు ఆ ఇంట్లో ఉన్నా ఆ పేరు వినడం నాకదే మొదలు. (ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆయన పిలవవలసిన పేరు.) పిలిచాక, నాకు చెప్పిందంతా ఒక్క మాట తగ్గకుండా ఆమెకు చెప్పారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తర్వాత నేరుగా ఆయన ముఖంలోకి చూస్తూ, "సరే గానీ, రిక్షా ఆయప్ప కాసుకోని ఉండాడు. బస్సు పోతాది. ముందు ఈయప్పను పంపించండి" అంది. అన్ని నెలల తర్వాత అమ్మ ఆయనతో అన్న మొదటి మాట నన్ను పంపించెయ్యడం గురించి.

రెండు నెలలకు ఎమ్మిగనూరు నుంచి ఒక ఆదివారం చూడడానికి పోయాను. వంకాయకూరలో నూనె ఎక్కువైందా తక్కువైందా అని ఇద్దరూ అరగంట నేరుగా వాదించుకున్నారు. ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. నాకు సంతోషంగానే ఉంది, కొంచెం పని పోయినవాడిలాగా కూడా ఉంది. ఆ తర్వాత నేను ఎమ్మిగనూరు అమ్మాయినే చేసుకున్నాను, ఈ నేలలోనే ఉండిపోయాను. అయ్యవారూ అమ్మా ఇప్పుడు లేరు.

మొన్నామధ్య నేనూ రిటైరయ్యాను. సభలో అందరికంటే ముందు మా ఆవిడ పేరు చెప్పాను. కాగితం మీద పైనే రాసుకుని, కింద గీత కూడా గీసుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆమె రెండో వరసలో పక్కావిడకు గోంగూర ఊరగాయ ఎలా పెట్టాలో చెబుతోంది. ఇంటికొచ్చాక అడిగితే, "ఏమో, నాకు ఇనపడలేదు" అంది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం, చెప్పి పంపడానికి మూడో మనిషి లేడు. నేనే మళ్ళీ చెప్పాను. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, రాత్రి కూడా సరిగ్గా వినపడలేదంది. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి. అలాంటి అబద్ధం ఒకటి నాకూ తెలుసు కాబట్టి, ఏమీ అనకుండా ఇంకోసారి చెప్పాను.